కెపాసిటర్ బ్యాంకు గదిలోకి వెళ్లేముందు

చిరంజీవి శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

బెంగళూరులో ఓడల ఆయుధాలకు పల్స్ పవర్, అంటే క్షణంలో ఒక్కసారిగా వదిలే భారీ కరెంటు, ఇచ్చే పరీక్షల ల్యాబ్‌లో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మనింటి పిల్ల ఇలాంటి పనికి వెళ్తోందంటే గర్వంగా ఉంది. అక్కడి కెపాసిటర్ బ్యాంకు గది సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి భయంగానూ ఉంది. అందుకే చెన్నై నుంచి ఈ ఉత్తరం.

లెక్కలు నీకొచ్చు. 1 మెగాజౌల్‌ని 10 మిల్లీసెకన్లలో వదలాలంటే 100 మెగావాట్లు కావాలి. అమెరికా యుద్ధనౌక జుమ్‌వాల్ట్ లాంటి ఓడలో జనరేటర్లన్నీ కలిపినా సుమారు 78 మెగావాట్లే. అందుకే బోరు మోటారు మేడ మీది ట్యాంకును నింపినట్టు, కరెంటు దాచే కెపాసిటర్ డబ్బాల్ని నిదానంగా నింపుకుని, ఒక్కసారిగా వదులుతారు. 10 సెకన్లలో నింపితే, నష్టాలు పక్కన పెడితే, సగటున 100 కిలోవాట్లు చాలు. అదీ మెల్లగా పెంచాలి, మెల్లగా దించాలి. ఉన్నట్టుండి లోడు పడితే ఫ్రీక్వెన్సీ ఊగుతుంది, అదే లైను మీదున్న రాడార్ ఇబ్బంది పడుతుంది.



ఇక నా అసలు భయం. 10 కిలోవోల్టుల మీద 1000 మైక్రోఫారడ్ డబ్బా ఒక్కటే 50 కిలోజౌళ్లు దాస్తుంది. అలాంటివి ఇరవై కలిపితేనే 1 మెగాజౌల్. ఒక డబ్బా లోపల షార్ట్ అయితే మిగతా పందొమ్మిదీ దాంట్లోకే కుమ్మరిస్తాయి, అది పేలుతుంది. అందుకని ప్రతి డబ్బాకూ విడిగా ఫ్యూజ్ పెడతారు. పాత తప్పు పుట్టేది ఇక్కడే. ఫ్యూజ్ పోయిన డబ్బా, డబ్బాలన్నిటినీ కలిపే లోహపు పట్టీ అయిన బస్‌బార్ నుంచి తెగిపోతుంది. అది చార్జ్‌తోనే ఉండిపోవచ్చు. మీటర్ బస్‌బార్ మీద సున్నా చూపిస్తుంది. ఎర్తింగ్ రాడ్ కూడా బస్‌బార్‌కే తగిలిస్తారు. అంతా సవ్యంగా ఉందనుకుని మనిషి డబ్బా మీద చెయ్యేస్తాడు.

చార్జ్‌ను మెల్లగా కార్చేసే రెసిస్టర్, అదే బ్లీడర్, ఉందిగా అంటావేమో. 1 మెగాఓమ్ బ్లీడర్‌తో ఆ డబ్బా 50 వోల్టులకు దిగాలంటే దాదాపు గంటన్నర పడుతుంది. పైగా బ్లీడర్ తీగ తెగినా బయటికి తెలియదు. చార్జ్‌ను త్వరగా దించే 10 కిలోఓమ్ డంప్ రెసిస్టర్ అయితే ఒక్క డబ్బాను నిమిషం లోపే దించుతుంది కానీ, అదీ బస్‌బార్ మీదే ఉంటే తెగిపోయిన డబ్బాను ముట్టదు.

కాబట్టి తల్లీ, ప్రతి డబ్బా టెర్మినల్ మీదా వోల్టేజ్ విడివిడిగా కొలిచి చూడు. కొలిచే ముందు, కొలిచాక, వోల్టేజ్ ఉందని తెలిసినచోట మీటర్‌ను సరిచూడు. ముందు రెసిస్టర్ ఉన్న రాడ్ తగిలించు, తర్వాత నేరుగా ఎర్త్ చేసే రాడ్. నేరుగా ఎర్త్ చేసేదే ముందు పెడితే నిప్పురవ్వలతో రాడ్ కొస కరిగిపోతుంది. ఆ తర్వాత రెండు టెర్మినళ్లనూ తీగతో కలిపి షార్ట్ కట్టి, పని అయ్యేదాకా తియ్యకు. తీసేస్తే లోపలి పదార్థంలో మిగిలిన చార్జ్ మళ్లీ పైకొస్తుంది. 10 కిలోవోల్టుల్లో ఒక్క శాతం తిరిగొచ్చినా 100 వోల్టులు.

స్టోరులో విడిగా పెట్టిన డబ్బాలకూ షార్టింగ్ తీగ ఉండాలి. లేకపోతే దగ్గరికి వెళ్లకు.

ట్రయల్ ఆలస్యమవుతోందని ఎవరు తొందరపెట్టినా, పెద్ద ఆఫీసరైనా సరే, ‘కొలిచాకే’ అని గట్టిగా చెప్పు. లోపల ఉన్నంతసేపూ చార్జర్ తాళంచెవి నీ జేబులో ఉండాలి, బయట తోడుగా ఒక మనిషి ఉండాలి. రాత్రి షిఫ్టులో ఒంటరిగా మాత్రం వెళ్లకమ్మా.

మీ మావయ్య