డెంగీ రెండోసారి వస్తే ఎందుకు ముదురుతుంది?

ప్రశ్న: మా పెద్దోడికి తొమ్మిదేళ్లు, బరువు 24 కిలోలు. రెండేళ్ల కిందట డెంగీ వచ్చి తగ్గింది. మా వీధిలో మళ్లీ జ్వరాలు మొదలైనాయి. ఒకసారి వచ్చినోళ్లకు మళ్లీ రాదంటున్నారు, నిజమేనా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: సగమే నిజమమ్మా. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు. వచ్చిన రకం మళ్లీ రాదు. మిగతా మూడింటి నుంచి కాపు కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే, కొందరిలో పాత యాంటీబాడీలే (మొదటిసారి వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారైనవి) చేటు చేస్తాయి. అవి కొత్త వైరస్‌ను పట్టుకుంటాయి గానీ చంపలేవు. యాంటీబాడీ అంటుకున్నదాన్నల్లా మింగడం కొన్ని తెల్లకణాల పని. అట్లా లోపలికి పోయిన వైరస్ చావదు సరికదా, అక్కడే పెరుగుతుంది. క్యూబాలో 1977లో ఒకటో రకం, 1981లో రెండో రకం వ్యాపించాయి. ఆ రెండో విడతలో 158 మంది పోయారు. అయినా భయపడిపోకండి, రెండోసారి వచ్చినవాళ్లలోనూ ఎక్కువమంది మామూలుగానే కోలుకుంటారు.

జ్వరం వస్తే పాత డెంగీ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. డెంగీ రక్తపరీక్షలో వెతికేవి రెండు: ఎన్‌ఎస్‌-1 అనే వైరస్ ప్రొటీను, ఐజీఎం అనే యాంటీబాడీ. రెండోసారి ఎన్‌ఎస్‌-1 తొందరగా కనపడకుండా పోవచ్చు, ఐజీఎం అంతగా పెరగకపోవచ్చు. రిపోర్టులో 'నెగటివ్' అని ఉన్నంత మాత్రాన డెంగీ కాదనుకోవద్దు. పారాసెటమాల్ 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే మీవాడికి 7 మి.లీ., ఆరు గంటలకోసారి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దే వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది.

అసలు గండం జ్వరం దిగినప్పుడు, అంటే మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. 'ఒళ్లు చల్లబడింది, రేపు బడికి పంపుదాం' అనుకునే పూటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, చల్లబడిన చేతులు కాళ్లు, మగత, ఆరు గంటలు మూత్రం రాకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆస్పత్రికే. అందరూ ప్లేట్‌లెట్లే అడుగుతారు, మీరు పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే లెక్క) కూడా అడగండి. 36 ఉన్నది 44కు ఎక్కిందంటే నీరు కారుతున్నట్టే. బొప్పాయి ఆకు రసం పోసి వాంతులు పెంచకండి. మజ్జిగ, రాగి జావ, ఓఆర్‌ఎస్ (ప్యాకెట్టుకు లీటరు నీళ్లు) చాలు.

నీళ్లు పట్టిపెట్టుకునే డ్రమ్ములు, తొట్లు వారానికోసారి ఒంపి, లోపలి గోడలు పీచుతో రుద్దండి. దోమ గుడ్లు నీటిగీత దగ్గర గోడకే అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి.

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. మూడు నెలల కిందట తట్టు పోసింది. అప్పట్నుంచి ఒకటే దగ్గు, విరేచనాలు. దిష్టి అంటున్నారు.
– ఆదోని

జవాబు: దిష్టి కాదు, తట్టు వైరస్ పనే అయ్యుండొచ్చు. పాత జబ్బులను గుర్తుపెట్టుకునే కణాలనే అది దెబ్బతీస్తుంది. టీకా వేయించుకోని పిల్లల్లో అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయినట్టు 2019లో తేలింది. కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్లు పడుతుంది. తట్టు అప్పుడు విటమిన్ ఎ రెండు రోజులు వరుసగా, రోజుకు 2 లక్షల యూనిట్లు ఇచ్చారో లేదో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. మిగిలిపోయిన టీకాలన్నీ వేయించండి. తట్టు వచ్చిపోయినా ఎంఆర్ టీకా మానొద్దు, రుబెల్లాకూ అదే. పాప నిద్రపోతున్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిమిషం లెక్కపెట్టండి. ఊపిరి 40 లేదా అంతకు మించితే న్యుమోనియా కావచ్చు, ఆ పూటే చూపించండి.