స్నానపు నీటి వేడిని వెనక్కి రాబట్టవచ్చునా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నాము. గీజరు నీళ్ల వేడి స్నానం కాగానే మోరీ పాలవుతున్నది. ఆ వేడిని తిరిగి వాడుకొనే ఏర్పాటు ఉన్నదని విన్నాను. ప్లాస్టరింగ్‌కు ముందే పైపులు వేయించమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఏర్పాటు ఉన్నమాట నిజమే. కెనడా వంటి చలిదేశాల ఇళ్లలో, నిలువుగా దిగే మురుగు గొట్టంలో కొంత భాగాన్ని రాగితో అమర్చి, దాని చుట్టూ సన్నని రాగి గొట్టాన్ని బిగించి చుడతారు. వాడిన నీరు గొట్టం నడుమ ధారగా పడక, లోపలి గోడను అంటుకొని పలుచని పొరగా జారుతుంది కనుక దాని వేడి రాగికి సులువుగా అందుతుంది. గీజరుకు వెళ్లే చన్నీరు ఆ చుట్లలో కింది నుంచి పైకి పోతూ వెచ్చబడుతుంది. రెండు నీళ్లూ ఎక్కడా కలవవు. పీవీసీ గొట్టానికి చుట్టించి లాభం లేదు, అది వేడిని దాదాపు దాటనివ్వదు.

చిక్కల్లా రెండు నీళ్లూ ఒకే సమయంలో పారవలసి రావడమే. షవరు కింద అది దానంతటదే జరుగుతుంది. మన బకెట్ స్నానంలో మాత్రం బకెట్ నిండేటప్పుడు మోరీ ఖాళీగా ఉంటుంది, చెంబుతో పోసుకొనేటప్పుడు కుళాయి కట్టేసి ఉంటుంది. వాడిన నీటిని తొట్టిలో నిలవచేద్దామంటే సబ్బు జిడ్డు, వెంట్రుకలు పేరుకొని, దాన్ని కడిగే పనే స్నానం కంటే పెద్దదవుతుంది.

మీ ఇంట్లో అందరూ షవరే వాడతారనుకొందాము. నిమిషానికి 8 లీటర్ల చొప్పున 8 నిమిషాల స్నానానికి 64 లీటర్లు. వాటిని 22 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు కాచడానికి సుమారు 1.3 యూనిట్ల కరెంటు కావాలి. గొట్టం చేరేసరికి నీరు 36 డిగ్రీలకు చల్లారి, మిగిలిన వేడిలో సగం చన్నీటికి అందితే మనిషికి అర యూనిట్ మిగులుతుంది. అదీ మన ఊళ్లో గీజరు వేసుకొనే ఆ కొద్ది నెలలే. వేసవిలో డాబా మీది ట్యాంకు నీళ్లే ఒళ్లు చుర్రుమనిపిస్తాయి కదా!

పైగా నిలువు జారుడు కావాలి కాబట్టి మీకు పై అంతస్తు స్నానాలగదికే ఇది కుదురుతుంది. అక్కడికి ట్యాంకు నుంచి వచ్చే ఒత్తిడి అసలే తక్కువ. ఆ నీటిని కింది అంతస్తు దాకా దింపి, చుట్లలో తిప్పి, మళ్లీ పైకి తెస్తే షవరు ధార ఇంకా సన్నబడుతుంది. రోజంతా షవర్లు నడిచే హాస్టళ్లకైతే ఆలోచించదగినదే. మీకు మాత్రం, గోడలు తెరచి ఉండగానే డాబా మీది నుంచి రెండు స్నానాలగదులకూ సోలార్ హీటరు కోసం, వేడి నిలిపే తొడుగుతో ఒక లైను వేయించుకోమంటాను.