హ్రస్వదృష్టిలో పొట్టిది కన్నా, చూపా?

సందేహం: "హ్రస్వదృష్టి ఉన్నవారి కన్ను పొడవుగా సాగుతుంది, అందుకే రెటీనా మీది నరాలు సన్నబడతాయి" అని ఒక వ్యాసంలో చదివాను. హ్రస్వం అంటే పొట్టి కదా, మరి కన్ను పొడవెలా అవుతుంది? రక్తనాళాల్ని నరాలు అనొచ్చా? దీర్ఘదృష్టిని దూరదృష్టి అని రాస్తే తప్పా?

సమాధానం: కన్ను పొడవన్న మాట నిజమేనండి. పొట్టిది చూపు. హ్రస్వమైన దృష్టి హ్రస్వదృష్టి, కర్మధారయం, అంతే. దగ్గరి పుస్తకం బాగానే ఆనుతుంది, బోర్డు మీది అక్షరాలు ఆనవు. ఎందుకంటే పెద్దవాళ్లలో సుమారు 24 మిల్లీమీటర్లుండే కంటిగుడ్డు వెనక్కి సాగితే (పవర్ బాగా ఎక్కువున్న వాళ్లలో 26 కూడా దాటుతుంది) దూరపు వస్తువు బొమ్మ రెటీనాకు ముందే పడిపోతుంది. దీర్ఘదృష్టిలో చాలావరకు కన్నే పొట్టి. అంటే పేరొక వైపు, కంటి కొలత ఇంకో వైపు! మీలాగే చాలామంది తికమకపడేది ఇక్కడే.

రక్తనాళాల తీరు కంటి పొడవును బట్టి ఉంటుంది. సాగిన కంట్లో అవి సన్నగా, తిన్నగా కనిపిస్తాయి, పొట్టి కంట్లో మెలికలు తిరిగి ఉండటం కద్దు. ఇక్కడ నాకు అభ్యంతరం 'సన్నబడతాయి' అన్న క్రియ మీద. సన్నబడటం అంటే ముందు లావుగా ఉండి తర్వాత తగ్గడం. పైగా ఫొటో తీసి కొలిచినప్పుడు పొడవు కంట్లోని నాళం అసలు కన్నా కాస్త సన్నగానే పడుతుంది, ఆ తేడా సరిచేస్తే గానీ అసలు కొలత తెలియదు. కాబట్టి 'సన్నగా కనిపిస్తాయి' అని రాయడమే న్యాయం. ఒక్క క్రియతో చదివేవాళ్లకి లేని టెన్షన్ పెట్టకూడదు కదా.

ఇక నరం. ఇంజెక్షన్ వేసేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటారు, అక్కడ నరమంటే సిర. ఆ వాడుకను నేను తప్పనను, అది మన జనం మాట. కానీ కంటి గురించి రాసేటప్పుడు మాత్రం వద్దు, ఎందుకంటే దృక్ నాడినీ కంటి నరమే అంటున్నాం, రెటీనా రక్తనాళాలు కంట్లోకి వచ్చేదీ ఆ నాడి దగ్గరే, ఏ నరం అన్నారో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? రక్తనాళం అనండి, విడదీయాలంటే ధమని, సిర. సంస్కృతంలో శిరా అనే రూపం కూడా ఉంది గానీ, మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది సిర.

దూరదృష్టి వద్దు. "ఆయనకి దూరదృష్టి ఉంది" అంటే ముందుచూపు ఉన్నవాడని మెచ్చుకోవడం, కళ్లజోడు కావాలని కాదు. దీర్ఘదృష్టి అనే రాయండి. దాన్ని చత్వారంతోనూ కలపకండి. చత్వారానికి కారణం కన్ను పొట్టిగా ఉండటం కాదు, వయసుతో కంటి కటకం బిరుసెక్కడం. నలభైకి సంస్కృతంలో చత్వారింశత్ అంటారు, ఆ వయసుకి అటూ ఇటూగా వచ్చేది కాబట్టి మనవాళ్లకి అది చత్వారం అయింది.