విటమిన్ మాత్రతో ఓపిక వస్తుందా?

"పొద్దున్న టీ, రెండు బిస్కెట్లు, ఒక మల్టీవిటమిన్ మాత్ర. అయినా పదకొండయ్యేసరికి నీరసం. విటమిన్లలో శక్తి ఉండదా?" అని అడిగారు. ఉండదండీ. మనకు కేలరీలు వచ్చేది ముఖ్యంగా పిండిపదార్థాలు, ప్రొటీన్లు, కొవ్వుల నుంచే. మొదటి రెండూ గ్రాముకు సుమారు 4 కిలోకేలరీలు ఇస్తాయి, కొవ్వు 9 ఇస్తుంది. విటమిన్లు, ఐరన్ లాంటివి తిన్నదాన్ని శక్తిగా మార్చే పనికి కావాలి. అంటే నీరసం రెండు వైపుల నుంచీ రావచ్చు. ఆ రెండూ మా పిన్ని విషయంలో దగ్గరుండి చూశాను.

ఒక ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణకు మాతో వచ్చింది. 32 కిలోమీటర్ల నడక, పైగా ముందు రోజు రాత్రి నుంచి ఉపవాసం. కొండ కింద తొలి మెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక దాటేదాకా హుషారుగానే ఉంది. అప్పుఘర్ దగ్గరికి వచ్చేసరికి చేతులు వణుకు, చల్లటి చెమట, ఏమడిగినా పొంతన లేని జవాబు. రోడ్డు పక్కన కూర్చోబెట్టాం. దారిలో పంచుతున్నవాళ్లు ఇచ్చిన బెల్లం పానకం తాగించి, అరటిపండు తినిపిస్తే, కాసేపటికి మాట సర్దుకుంది.

తిన్న అన్నంలోని పిండి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. అప్పటికి అవసరం లేనిదాంట్లో కొంత గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది: కండరాల్లో 400 గ్రాముల దాకా, కాలేయంలో సుమారు 100. కండరాల్లోది ఆ కండరాలకే. రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది కాలేయంలోదే, మెదడు ఒక్కదానికే రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజ్ కావాలి. రోజంతా ఏమీ తినకుండా నడిస్తే ఆ నిల్వ ఎంతసేపని? ఒంట్లో కిలోలకొద్దీ కొవ్వు ఉన్నా మెదడు దాన్ని నేరుగా వాడుకోలేదు. కాలేయం దాన్ని కీటోన్లు అనే, మెదడు వాడుకోగల ఇంధనంగా మార్చి ఇవ్వాలి, అందుకు టైం పడుతుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లయితే డాక్టర్ని అడగకుండా ఇలాంటి ఉపవాస నడక అస్సలు పెట్టుకోకూడదు.

రెండోది ఇంకా ముఖ్యం. పిన్ని మామూలు రోజుల్లో మూడు పూటలా బాగానే తినేది, అయినా మేడ మెట్లెక్కితే ఆయాసం. వయసు మీద పడుతోందని అందరం అనుకున్నాం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 కూడా లేదు. ఆడవాళ్లకు 12 అయినా ఉండాలి. కణాల్లోని మైటోకాండ్రియా గ్లూకోజునూ కొవ్వునూ ఆక్సిజన్‌తో కలిపి ఏటీపీ అనే శక్తినిచ్చే పదార్థాన్ని తయారుచేస్తాయి, కండరం కదిలేది దానితోనే. ఆ ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్, దానికి ఐరన్ కావాలి. డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు కొన్ని నెలలు వాడాక ఆయాసం తగ్గింది. ఇక్కడ మాత్ర పనిచేసిందంటే, నిజంగా లోటు ఉంది కాబట్టి.

బీ1 విటమిన్ సంగతీ అంతే. అది చాలకపోతే గ్లూకోజ్ నుంచి శక్తి తీసే పని మధ్యలోనే ఆగిపోతుంది. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యంలో అది చాలావరకు తవుడుతో పోతుంది, గంజి వార్చేస్తే ఇంకాస్త పోతుంది. ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బీ1 లోటుతో వచ్చే బెరిబెరి జబ్బు ఉండేదంటే కారణం ఇదే. ఉప్పుడు బియ్యంలో కొంత నిలుస్తుంది.

మీ విషయంలో నాకు ముందు అనుమానం ఆ బిస్కెట్ల మీదే. మైదా, చక్కెర తొందరగా అరిగిపోతాయి, పైగా రెండు బిస్కెట్లు ఎంతని? మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలితో గుప్పెడు వేరుశెనగలు, లేదంటే పెసరట్టు, గుడ్డు తిని చూడండి. రెండు వారాలకీ నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్, షుగర్ పరీక్షల గురించి డాక్టర్ని అడగండి. టీ మానక్కర్లేదు గానీ, టిఫిన్‌తో పాటు వద్దు. తిండిలోని ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు, గంట ఆగి తాగండి.