‘పోస్ట్‌కార్డ్ ఫ్రమ్ కశ్మీర్’ కవితను పరీక్షకు ఎలా విశ్లేషించాలి?

ఆగా షాహిద్ అలీ కవిత డిగ్రీ ఇంగ్లిష్ పేపర్‌లో ఉంది, “సొంత ఊరు దూరమైన బాధ” అన్న ఒక్క మాట తప్ప ఏమీ తోచడం లేదు, కశ్మీర్ గొడవల గురించి ఎంత రాయాలి అని అడిగారు.

గొడవల గురించి అసలు రాయకండి. ఈ కవిత ఉన్న ‘ది హాఫ్ ఇంచ్ హిమాలయాస్’ సంపుటి వచ్చింది 1987లో. లోయలో సాయుధ పోరు రాజుకున్నదీ, కశ్మీరీ పండితులు (అక్కడి హిందువులు) ఇళ్లు వదిలి వెళ్లినదీ ఆ తర్వాత, 1989-90లో. ఆ రక్తపాతం మీద ఆయన రాసిన ‘ది కంట్రీ వితౌట్ ఎ పోస్ట్ ఆఫీస్’ 1997 నాటిది. రెండింటిలోనూ తపాలా ఉండటంతో చాలా జవాబుల్లో ఇవి కలిసిపోతాయి. షాహిద్ శ్రీనగర్‌లో పెరిగి 1976లో అమెరికా వెళ్లాడు. ఆయన్ని ఎవరూ తరిమేయలేదు. అందుకే కవితలో శత్రువు కనిపించడు, ఎవరి మీదా నింద లేదు. ఇంటిని దూరం చేస్తున్నది కాలం, జ్ఞాపకం. మీ జవాబుకు ఇదే వెన్నెముక కావాలి.

ఇక పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. కశ్మీర్ బొమ్మ ఉన్న పోస్ట్‌కార్డ్ కవి చేతికి అందడమే కవిత సందర్భం. మొత్తం 14 పాదాలు. ముందు క్రియల కింద గీతలు గీయండి. మొదట్లో వర్తమానం: కశ్మీర్ తపాలా పెట్టెలోకి కుంచించుకుపోతోంది, హిమాలయాలు చేతిలో ఉన్నాయి. ఆరో పాదంలో కాలం మారి భవిష్యత్తు వస్తుంది: తిరిగి వెళ్లినప్పుడు రంగులు ఇంత మెరవవు, జీలం నది నీళ్లు ఇంత స్వచ్ఛంగా ఉండవు. సరిగ్గా ఆ మలుపు దగ్గరే, ఇంటికి ఇంతకంటే దగ్గరగా ఎప్పటికీ రాలేనని చెబుతాడు. తిరిగి వెళ్తానంటూనే దగ్గర కాలేనంటున్నాడు. అక్కడ నడిచినా ఈ కార్డులోని కశ్మీర్ దొరకదు. ఈ వైరుధ్యానికి ఒక పేరా పూర్తిగా ఇవ్వండి.

తర్వాత కొలతలు చూడండి. ఇల్లు 4 x 6 అంగుళాలు, హిమాలయాలు అర అంగుళం. చివర్లో జ్ఞాపకం మాత్రం బ్రహ్మాండమైన నెగటివ్. చేతిలో పట్టేది చిన్నది, స్పష్టం. మనసులోనిది పెద్దది, మసక. నీటుగా ఉండటం తనకెప్పుడూ ఇష్టమే అన్న చిన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. కవితలో అత్యంత చేదు వాక్యం అదేనని నా అభిప్రాయం: ఇష్టపడిన ఆ పొందికే ఇప్పుడు ఇంటిని కార్డు ముక్కకు కుదించింది.

ఎక్కువ మార్కులు పోయేది ఫోటో మాటల దగ్గర. ‘నెగటివ్’ అంటే చెడు ఆలోచనలు అని రాస్తే జవాబు అక్కడే పోయినట్టు. అది ఫిల్ము: తెలుపు నల్లగా, నలుపు తెల్లగా పడుతుంది. దాన్ని ఇంకా కడగలేదంటున్నాడు, అంటే ‘డెవలప్’ చేయలేదని. కడగని ఫిల్ములో బొమ్మ ఉంటుంది, కంటికి కనబడదు. జ్ఞాపకం పోలేదు, కానీ చూడటానికి వీల్లేదు. ఎప్పుడైనా కడగవచ్చన్న ఆశ కూడా అందులోనే ఉంది. ‘ఓవర్‌ఎక్స్‌పోజ్డ్’ అంటే వెలుతురు మరీ ఎక్కువ పడటం. ఫోటో వెలిసిపోయి వివరాలు చెరిగిపోతాయి. ప్రేమ ఎక్కువై ఊరి అసలు రూపాన్ని తుడిచేసింది.

‘మై లవ్ సో ఓవర్‌ఎక్స్‌పోజ్డ్’ అన్న ఆ వాక్యంలో క్రియ లేదని గమనించండి. పైనున్న ‘ఉండవు’ అన్నదాన్నే దించుకుని చదివితే, వెళ్లాక నా ప్రేమ కూడా ఇంత వెలుతురులో ఉండదు అన్న అర్థం వస్తుంది. అలా చదవకుండా ఇప్పటి ప్రేమ గురించి అనుకున్నా నడుస్తుంది. రెండు అర్థాలూ రాయండి, ఒకటే సరైనదని తేల్చకండి.

శబ్దం గురించి రెండు వాక్యాలు చాలు. ‘క్లీన్’, ‘అల్ట్రామెరీన్’ ప్రాస కార్డు మీది అచ్చు రంగులా మరీ అందంగా మోగుతుంది. అసలు జీలం అంత గాఢ నీలంగా ఉండదు.

కవి జీవితాన్ని మూడు వాక్యాల్లో ముగించండి, అదీ మొదట్లో కాకుండా క్రియల పేరా తర్వాత. ఉటంకించడానికి పూర్తి పాదాలు అక్కర్లేదు. కొలతలు, ‘నీట్’, ‘ఓవర్‌ఎక్స్‌పోజ్డ్’, ‘అన్‌డెవలప్డ్’ మాటలు కచ్చితంగా గుర్తుపెట్టుకుంటే 200 పదాల జవాబుకు సరిపోతాయి.