ఇంట్లోనే కండ పెరుగుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 22, బరువు 60 కిలోలు. జిమ్ ఫీజు కట్టే స్తోమత లేదు. ఇంట్లో కసరత్తుతో కండలు వస్తాయా?

జవాబు: తప్పకుండా వస్తాయి తమ్ముడూ. కాకపోతే కసరత్తు కష్టం పెంచుతూ పోవాలి. దండీలు 20 సులువుగా వస్తుంటే కాళ్లు మంచం మీద పెట్టి తియ్యి. కిందికి నెమ్మదిగా దిగు. ఇంట్లో చాలామంది వదిలేసేది వీపు. స్కూల్ బ్యాగులో 10 కిలోల బియ్యం మూట పెట్టి, నడుం నిటారుగా ఉంచి ముందుకు వంగి, మోచేతులు వెనక్కి పోయేలా పొట్ట దగ్గరికి లాగు. కాళ్లకు మాత్రం కొన్నాళ్లకు జిమ్ బరువులే మేలు.

నాకు బెంగంతా నీ తిండి గురించే. రోజుకు 90 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. సర్వపిండిలో పల్లీలున్నాయని సరిపెట్టుకోకు. పప్పు, శనగలు, పెరుగు, వీలైనప్పుడు చికెన్ తిను. అప్పు చేసి పౌడర్ డబ్బా మాత్రం కొనొద్దు.