సింహాల దగ్గరికి వెళ్తానన్న అల్లుడికి

ఒరే సుధీర్,

ఆఫ్రికా వెళ్లి సింహాల సంరక్షణలో వాలంటీరుగా పనిచేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. ఆవిడ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు పంపిన కాగితాల్లో ఒకమ్మాయి సింహం పిల్లకు పాలసీసా పడుతోంది చూశావూ, ఆ చోటికి మాత్రం పైసా కట్టకు.

నేను కట్టాను కాబట్టి చెబుతున్నా. రిటైరైన ఏడాదే దక్షిణాఫ్రికాలో సింహాల్ని పెంచే ఒక ఫారానికి వెళ్లి, రెండు వారాలు పాలు పట్టి మురిసిపోయాను. తల్లి వదిలేసిన పిల్లలన్నారు. వారం తిరక్కుండా ఇంకో ఈత పిల్లలొచ్చాయి. వాటినీ తల్లి వదిలేసిందట! ముప్ఫై ఏళ్లు ఒంగోలు పశువులకు వైద్యం చేసినవాణ్ణి, అప్పటికిగానీ బుర్ర వెలగలేదు. పిల్లను లాగేస్తే తల్లి తొందరగా మళ్లీ ఎదకొస్తుంది. అడవిలో అయితే పిల్లలు ఇంచుమించు రెండేళ్లు తల్లి వెంటే తిరుగుతాయి. "పోయినేడు పుట్టినవి ఏవయ్యా?" అంటే తలా ఒక మాట చెప్పారు. ఆ దేశంలో అడవిలో ఉన్న సింహాలకన్నా ఇలా కంచెల్లో పెంచేవే ఎక్కువ, 8 వేల పైచిలుకు. చిన్నప్పుడు ఫొటోలకి, ఎదిగాక కంచె లోపలే డబ్బున్నవాడి తుపాకీకి, చివరికి ఎముకలు ఆసియా మార్కెట్టుకి. మనిషి చేతిమీద పెరిగిందాన్ని అడవిలో వదిలే దారి ఎలాగూ లేదు. ఈ పెంపకాన్ని మాన్పిస్తామని 2021లో అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది.

అందుకని ఎవరికి రాసినా ముందు "సింహాన్ని ముట్టుకోనిస్తారా?" అని అడుగు. "ఓ, రండి" అన్నారా, అక్కడితో ఆపెయ్.

రెండోసారి కెన్యా వెళ్లాను, అంబోసెలి నేషనల్ పార్కు దాపున. అక్కడ నేను ఎక్కువగా చేసిన పని చెబితే నవ్వుతావు: ముళ్లకంప మోసి దొడ్డి కట్టడం. అక్కడ పశువుల్ని మేపుకుని బతికే మసాయి తెగవాళ్లు రాత్రిపూట వాటిని బోమాలో తోలతారు, అచ్చం మన కంపదడే. దడి పలచబడితే సింహం దూరుతుంది. ఆవు పోయిందంటే తెల్లారేసరికి ఈటెలు లేస్తాయి, లేదా కళేబరంలో పురుగుమందు కలుపుతారు, దాంతో రాబందులూ చస్తాయి. మసాయికి ఆవంటే ఎంతో నాకు ఒకరు చెప్పక్కర్లేదు గదా. నైరోబీ పార్కు పక్కన రిచర్డ్ టురేరే అనే 11 ఏళ్ల పిల్లాడు పాత బ్యాటరీతో దొడ్డి చుట్టూ మినుకుమినుకుమనే బల్బులు పెట్టి సింహాల్ని దూరంగా ఉంచాడు. ఏ ఇంజనీరుకూ తట్టలేదు చూడు. ఒకప్పుడు సింహాన్ని చంపి పేరు తెచ్చుకున్న యువకులే ఇప్పుడు లయన్ గార్డియన్స్ అనే సంస్థలో జీతానికి చేరి అడుగుజాడలు పట్టి వాటిని కాస్తున్నారు. వాళ్ల వెనక నోరు మూసుకుని నడువు. నీ కంప్యూటర్ చదువు కెమెరా ఫొటోలు సర్దడానికి పనికొస్తుంది. మూతి మీద మీసాల మొదట్లో ఉండే చుక్కల వరసను బట్టి ఏ సింహం ఏదో పోలుస్తారు, మన వేలిముద్రల్లాగా. కళ్లు లాగేస్తాయి, ఓపిక పట్టాలి.

మూడు వారాల్లో సింహాన్ని నాలుగుసార్లు చూశాను. అందులో మూడుసార్లు పొదకింద నిద్రే. రోజుకు ఇరవై గంటల దాకా పడుకునే జీవం మరి! రాత్రి గర్జన మాత్రం గుడారంలో పడుకున్న నా గుండెల్లో మోగింది. ఆ వేళప్పుడు ఒంటికి పోవాలన్నా అస్కారిని, అంటే కాపలాదారుణ్ణి, పిలవకుండా గడప దాటకు.

బయల్దేరే ముందు హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎమ్ అనే సర్కారు టీకాల సంస్థ ఉంది, అక్కడ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో. ప్రయాణానికి కనీసం పదిరోజుల ముందు పడాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపురంగు కార్డు పోగొట్టావంటే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పడేస్తారు. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడుగు. వాలంటీరు పనికి ఏ అనుమతి కావాలో సంస్థవాళ్ల చేత రాతపూర్వకంగా తెప్పించుకో, టూరిస్టు కాగితంతో పనిలో దిగకు. నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ అనే కుట్టే ఈగలు వాటికే ఎగబడతాయి. ఆవకాయ పట్టుకెళ్లు గానీ క్యారీబ్యాగులో చుట్టకు. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. ఉగాలి అని పెడతారు, మొక్కజొన్న సంకటే. ఆవకాయతో భలేగా దిగుతుంది.

నా బైనాక్యులర్ మీ అత్త బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. వచ్చి తీసుకెళ్లు. అద్దానికి బూజు పట్టిందేమో ఒకసారి చూసుకో.

మీ మామయ్య